తెలుగు రాని మహదేవన్ తెలుగు పాటకు వరస ఎలా కట్టారు?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. సినీ సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్‌కు తెలుగు చదవడం, రాయడం రాదంటారు కదా, అటువంటి మనిషి తెలుగు మాటను ఒక్క చోట కూడా విరవకుండా వరస ఎలా కట్టగలిగారన్నది మొదటిది. ఆ ఘనతంతా వెనకనున్న సహాయకుడు పుహళేందిదేనని కొందరు అంటున్నారు, అది ఎంతవరకు నిజమన్నది రెండోది. పిల్లలకు నేర్పడానికి ఆయన పాటల్లో ఏవి ఎంచుకోవాలన్నది మూడోది. లలిత సంగీత బృందాల్లో హార్మోనియం వాయిస్తూ, పిల్లలకు పాఠాలు చెబుతూ ముప్పై ఏళ్లుగా ఈ పాటల మధ్యనే ఉన్నవాణ్ణి కనుక నాకు తెలిసినంత మేరకు వివరంగానే రాస్తాను.

ముందుగా ఆయన ఎక్కడినుంచి వచ్చారో చెప్పుకుంటే మిగిలినది సులువుగా అర్థమవుతుంది. మహదేవన్ 1918లో నాగర్‌కోయిల్‌లో సంగీత కుటుంబంలో పుట్టారు. అది అప్పటి తిరువాన్కూరు సంస్థానంలోని ఊరు, తమిళమూ మలయాళమూ కలిసి వినబడే చోటు. చిన్నతనంలోనే నాటక కంపెనీలో చేరి వేషాలు కట్టి పాడారు. నాటక కంపెనీ అనుభవం ఉన్న సంగీత దర్శకులకు ఒక సుగుణం అబ్బుతుంది: పాట విని ఆనందించేవాడు వెనక వరుసలో ఉన్నాడని, అక్కడిదాకా మాట స్పష్టంగా చేరకపోతే రాగం ఎంత గొప్పదైనా లాభం లేదని వారికి ఒంటబడుతుంది. 1942లో ‘మనోన్మణి’ అనే తమిళ చిత్రంతో ఆయన సినిమాలోకి వచ్చారు, తెలుగులో మొదటి చిత్రం 1958 నాటి ‘దొంగలున్నారు జాగ్రత్త’. మద్రాసులో అందరూ ఆయనను ‘మామ’ అనే పిలిచేవారు. 2001లో అక్కడే కన్నుమూశారు.

ఇక మొదటి ప్రశ్న. మహదేవన్ పద్ధతి పాట ముందు, బాణీ తరువాత. కవి రాసిన కాగితం చేతికి వచ్చాక దానికి వరస కట్టడమే ఆయనకు అలవాటు. ఇప్పుడు ఎక్కువగా జరుగుతున్నది దీనికి తలకిందులు. బాణీ సిద్ధమై తననాలతో కవికి చేరుతుంది, కవి ఆ తననాల లెక్కకు మాటలు కూర్చాలి. రెండు పద్ధతుల్లోనూ మంచి పాటలు వచ్చాయి కాబట్టి ఏది గొప్పదన్న వాదన నేను చేయను. అయితే భాష రాని సంగీత దర్శకుడికి మొదటి పద్ధతే మేలు చేస్తుందన్నది నా గట్టి నమ్మకం. వినగానే ఇది విడ్డూరంగా అనిపించవచ్చు. కారణం తెలుగు పాట నిర్మాణంలోనే ఉంది.

తెలుగు గేయాన్ని పైకి చదివితే చాలు, నడక దానంతటదే వినబడుతుంది. మాత్ర అంటే పొట్టి అక్షరం పలికేంత సేపు. గురువుకు, అంటే సాగే అక్షరానికి రెండు మాత్రలు, లఘువుకు, అంటే పొట్టి అక్షరానికి ఒకటి, అంతకుమించి లెక్క అక్కరలేదు. ‘మూగమనసులు’ (1964)లో ఆత్రేయ రాసిన ‘ముద్దబంతి పూవులో’ తీసుకోండి. ముద్ద, బంతి, పూవు: ఒక్కొక్కటి ఒక గురువు, ఒక లఘువు, అంటే మూడేసి మాత్రలు. చివర ‘లో’ రెండు మాత్రలు, ఒక మాత్ర విరామం. తరువాతి ముక్క ‘మూగకళ్ల ఊసులో’ కూడా అచ్చంగా ఇదే కొలత. ఆ మాటలకు అర్థమేమిటో తెలియనివాడికి కూడా ఈ మూడేసి మాత్రల నడక, అంటే తిశ్ర నడక, చెవిన పడి తీరుతుంది. అదే చిత్రంలోని ‘ఈనాటి ఈ బంధమేనాటిదో’ను విరిచి చూడండి: ఈనాటి, ఈ బంధ, మేనాటి, దో. అయిదేసి మాత్రల గణాలు, అంటే ముక్కలు, మూడు, చివర ఒక గురువు. ‘మంచి మనసులు’ (1962)లోని ‘శిలలపై శిల్పాలు చెక్కినారు’ కూడా అయిదేసి మాత్రల మీదనే నడుస్తుంది. ఇంత కచ్చితమైన కొలతలతో కాగితం చేతికి అందినప్పుడు మహదేవన్‌కు సగం పని కవే చేసిపెట్టినట్టు. ఆ మిగిలిన సగాన్ని అందరూ చేయలేరు కనుకనే మనం ఇంకా ఆయన గురించి మాట్లాడుకుంటున్నాం.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో దొరికింది కాదు, ఒక పిల్ల వల్ల తెలిసింది. ఆమెకు ‘ముత్యాలముగ్గు’ (1975)లోని ‘నిదురించే తోటలోకి’ నేర్పుతున్నాను. సుశీలగారి గొంతును అనుకరించబోయి ప్రతి పాదం చివరా ఆ పిల్ల తాళం తప్పుతోంది. పది సార్లు పాడించినా దారికి రాలేదు. విసుగొచ్చి హార్మోనియం బెల్లోస్ మూసేసి, పాడవద్దమ్మా, కాగితం చూసి చదువు, వేలితో బల్ల మీద కొట్టుకుంటూ చదువు అన్నాను. ‘నిదురించే’ ఆరు మాత్రలు, ‘తోటలోకి’ ఆరు, ‘పాట ఒకటి’ ఆరు, ‘వచ్చింది’ అయిదు, ఒకటి ఖాళీ. రెండో పాదంలో ‘కన్నులలో’ ఆరు, ‘నీరు తుడిచి’ ఆరు, ‘కమ్మటి కల’ ఆరు, ‘ఇచ్చింది’ అయిదు. ఆ అయిదు తరువాత వచ్చే ఖాళీ మాత్ర దగ్గరే ఆ పిల్ల తొందరపడి తరువాతి పాదంలోకి దూకేస్తోందని అప్పుడు నాకు అర్థమయింది. నాలుగు సార్లు చదివించాక మళ్లీ హార్మోనియం తెరిచాను, తప్పు పోయింది. రాసినది గుంటూరు శేషేంద్రశర్మ. ఆధునిక కవిగా, వచన కవితా రచయితగా ప్రసిద్ధుడైన ఆయన సినిమా పాట రాయవలసి వచ్చినప్పుడు ఛందస్సును ఇంత నిక్కచ్చిగా పాటించాడు. మహదేవన్ ఆ ఖాళీ మాత్రను పూరించడానికి ప్రయత్నించలేదు, ఊరకే వదిలేశారు. ఆ పాటలోని నిశ్శబ్దమంతా అక్కడే ఉంది.

నడక దొరికితే పాట వచ్చేసినట్టేనా అంటే కాదు. నడక అస్థిపంజరం లాంటిది. ఏ రాగం తీసుకోవాలి, ఏ మాట మీద నిలవాలి, ఎక్కడ సంగతి (అదే ముక్కను మార్చి మార్చి పాడే పలుకు) వేయాలి, ఎక్కడ వేయకూడదు అన్నవి అర్థం తెలిస్తేనే తేలుతాయి. ‘పాడుతా తీయగా చల్లగా’ అన్న పల్లవిలో మూడు మాటలూ గురువు, లఘువు, గురువు, అంటే మూడూ ఒకే ర గణం, మూడూ దీర్ఘంతోనే ముగుస్తాయి. దీర్ఘం దొరికింది కదా అని ప్రతి చోటా గమకాలు, అంటే స్వరాన్ని ఊపే ఒంపులు, చుట్టవచ్చు, కచేరీ పాటకుడైతే చుట్టేవాడేమో. నిద్రపుచ్చే పాట కాబట్టి మహదేవన్ ఆ పని చేయలేదు. దీర్ఘం మీద గొంతును మెల్లగా వాల్చి వదిలేశారు. ఘంటసాల కూడా తనకున్న విద్వత్తు నంతా లోపలే దాచుకుని పాడారు. ఇది నిద్రపుచ్చే పాట అన్న ఒక్క ముక్కా ఎవరో ఆయనకు చెప్పి ఉండాలి. కవి చెబుతాడు, దర్శకుడు చెబుతాడు, అన్నిటికంటే ఎక్కువగా పక్కనున్న పుహళేంది చెబుతాడు.

కాబట్టి రెండో ప్రశ్నకు వస్తాను. పుహళేంది అసలు పేరు వేలప్పన్ నాయర్, తిరువనంతపురం మనిషి. చేరింది సహాయకుడుగా, కానీ దశాబ్దాల పాటు మహదేవన్‌ను విడిచి ఉండలేదు. తెలుగు చిత్రాల టైటిల్స్‌లో మహదేవన్ పేరు కింద ‘సహాయకుడు పుహళేంది’ అని కనబడడం మన తరానికి ఎంత అలవాటయిందంటే ఆ రెండూ ఒకే మనిషి పేరేమోనని చిన్నప్పుడు నేను అనుకున్నాను. పుట్టుకతో మలయాళీ అయినా తెలుగు నేర్చుకున్నారు. బాణీని నొటేషన్‌లో పెట్టడం, గాయకులకు పాఠం చెప్పడం, వాద్యబృందాన్ని సమకూర్చడం ఆయన చేతి మీదుగా జరిగేవి. ‘శంకరాభరణం’ పాటలు శాస్త్రీయ సంగీతం నేర్చుకోని బాలసుబ్రహ్మణ్యం పాడగలడా అన్న సందేహం తలెత్తినప్పుడు, ఆయన చేత పాడించవచ్చునని ధైర్యం చెప్పి ఓపికగా నేర్పినది పుహళేందేనని బాలు అనేక వేదికల మీద కృతజ్ఞతతో చెప్పుకున్నారు.

అంతమాత్రాన మహదేవన్ పేరు చెరిపేసి అక్కడ పుహళేంది పేరు రాయాలనడం అన్యాయం. దానికి నా దగ్గర ఉన్న రుజువు చాలా తేలికైనది. పుహళేంది మలయాళంలో స్వతంత్రంగా సంగీతం చేశారు, 1971లో వచ్చిన ‘కొచ్చనియత్తి’ వాటిలో ఒకటి. అవి వినండి. శ్రావ్యంగా ఉంటాయి, పనితనమూ ఉంటుంది, కానీ ఆ గొంతుక వేరు. మరోవైపు పుహళేంది వచ్చి చేరకముందే మహదేవన్‌కు తమిళంలో పేరుంది. ఇద్దరూ కలిసినప్పుడు వచ్చినది ఇద్దరిలో ఏ ఒక్కరిదీ కాదని ఒప్పుకుంటే సరిపోతుంది. సహాయకుడి పేరును తెర మీద తన పేరు పక్కన, అదీ ప్రతి సినిమాకూ వేయించిన సంగీత దర్శకుడు మరొకడెవడో చెప్పమంటే నేను కాసేపు ఆలోచించవలసి వస్తుంది.

ఇక్కడ ఒక అపోహ కూడా సరిదిద్దాలి. మహదేవన్ ఎన్నడూ ముందు బాణీ చేయలేదు, ప్రతి పాటా కాగితం చూసే కట్టారు అని భక్తితో రాసేవాళ్లున్నారు. అది నిజం కాదు. ‘మంచి మనసులు’ తమిళ ‘కుముదం’కు తెలుగు రూపం, తమిళంలోనూ సంగీతం ఆయనదే. అందులోని ‘మామా మామా మామా’ వరస అక్కడినుంచి వచ్చినదే. తెలుగు మాటలే ఆ వరసలో ఇమిడాయి. అది కూడా జనం పెదవుల మీద ఆడింది. దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు, కవి ఆత్రేయ, మహదేవన్ ముగ్గురి జట్టు ఆ చిత్రంతో కుదురుకుని ‘మూగమనసులు’, ‘తేనె మనసులు’ దాకా నడిచింది. ఆత్రేయ పాట ఇవ్వడంలో ఎంత ఆలస్యం చేసేవారో, రాయక నిర్మాతలను, రాసి ప్రేక్షకులను ఏడిపిస్తారన్న మాట ఎంత ప్రచారంలో ఉందో మీకు తెలిసే ఉంటుంది. ఆ ఆలస్యం తరువాత కాగితం చేతికి వస్తే, రికార్డింగుకు వ్యవధి ఎంత ఉన్నా లేకున్నా చకచకా వరస కట్టగల మనిషే ఆయన పక్కన ఉండాలి. మహదేవన్ వేగం అక్కడ అక్కరకొచ్చింది.

బాపుతో ఆయన కలయిక మరో రకమైనది. 1967 నాటి ‘సాక్షి’ మొదలు 1991 నాటి ‘పెళ్లిపుస్తకం’ వరకు ఆ దర్శకుడికి కావలసినది తెలుగు లోగిలిలో వినబడే నాదం. ‘పెళ్లిపుస్తకం’లో ఆరుద్ర రాసిన ‘శ్రీరస్తు శుభమస్తు’ను పెళ్లి వీడియోలు ఎంతగా అరగదీశాయంటే దాన్ని ఎవరో ఒకరు కూర్చుని కట్టారన్న సంగతే జనం మరిచిపోయారు. సినిమా బాణీకి ఇంతకంటే పెద్ద పురస్కారం ఉండదు.

ఆయనను శాస్త్రీయ సంగీతం వైపు మాత్రమే నెట్టేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. ‘దసరా బుల్లోడు’, ‘ప్రేమనగర్’ రెండూ 1971లో ఆయన చేసినవే. 1977లో ‘అడవి రాముడు’కు చేసినదీ ఆయనే. ‘ఆరేసుకోబోయి పారేసుకున్నాను’ అన్న పాటకు హాళ్లలో నాణేలు ఎగిరిన రోజులు నేను ఎరుగుదును. వేటూరి ఆ పాటలో ఎంత చిలిపిదనం చేశారో దాన్నంతటినీ మోస్తూ కూడా మహదేవన్ ఒక్క అక్షరాన్నీ మింగనివ్వలేదు. మాటను కాపాడటం అన్నది భక్తి పాటకో విషాద గీతానికో మాత్రమే పెట్టుకున్న నియమం కాదన్నమాట.

కె. విశ్వనాథ్ చిత్రాలకు వస్తే నేను కాస్త ఎక్కువ సేపు ఆగుతాను. ‘చెల్లెలి కాపురం’ (1971)లో సినారె రాసిన ‘చరణకింకిణులు ఘల్లుఘల్లుమన’ వినండి. పాదమంతా ఎనిమిదేసి మాత్రల ముక్కలు. అక్కడ కవిత్వమే నాట్యమాడుతుంటే సంగీతం దారి ఇచ్చి పక్కకు నిలబడింది. అయిదేళ్ల తరువాత ‘సిరిసిరిమువ్వ’లో ‘ఝుమ్మంది నాదం’ వచ్చింది, ఆ తరువాత 1980లో విడుదలయిన ‘శంకరాభరణం’. దానికి ఆయనకు సంగీత దర్శకుడిగా జాతీయ పురస్కారం దక్కింది, బాలసుబ్రహ్మణ్యానికీ వాణీ జయరామ్‌కూ కూడా అదే చిత్రానికి వచ్చింది. సంగీత దర్శకత్వానికి జాతీయ పురస్కారం ఇవ్వడం మొదలయినదే 1967 చిత్రాలతో, ఆ మొట్టమొదటిది కూడా ‘కందన్ కరుణై’ అనే తమిళ చిత్రానికి మహదేవన్‌కే వచ్చిందని మనవాళ్లలో చాలామందికి తెలియదు.

‘శంకరాభరణం’లో ఆయన కట్టినదేముంది, త్యాగరాజు, రామదాసు, సదాశివ బ్రహ్మేంద్రుల కృతులే కదా అని ఒకప్పుడు విద్వాంసులు కొందరు తేలిగ్గా తీసేశారు. కృతులు ఉన్న మాట నిజమే. వాటిని వదిలేసి వేటూరి రాసినవి మాత్రమే వినండి. ‘ఓంకార నాదానుసంధానమౌ గానమే’ శంకరాభరణ రాగంలోనే ఉంది. ఓంకార, నాదాను, సంధాన, మౌ గాన అని అన్నీ అయిదు మాత్రలే, వరసగా త గణాలే (గురువు, గురువు, లఘువు). ‘శంకరా నాదశరీరాపరా’ను మధ్యమావతిలో పెట్టారు. కచేరీ చివర మంగళానికి పాడుకునే శాంతమైన రాగం అది. చరణంలోనేమో మెరుపులు శివుడి చిరునవ్వులని, ఉరుములు ఆయన మువ్వలని వర్ణన, ‘మెరిసే మెరుపులు మురిసే పెదవుల’ అంటూ నాలుగేసి మాత్రల పరుగు. ఇంత ఉద్ధృతికి మరొకరైతే ఉద్రేకం పలికే రాగం వెదికేవారు. మహదేవన్ శాంతమైన రాగాన్నే తీసుకుని వేగాన్ని మాటలకు, గొంతుకు, మృదంగానికి అప్పగించారు. అందువల్లనే ఆ పాట ఎంత ఎత్తుకు వెళ్లినా అరుపుగా మారదు. మధ్యమావతిలో గాంధారం, ధైవతం లేవు, ఉన్న అయిదు స్వరాల మధ్య పెద్ద పెద్ద అంగలు వేస్తూ పోవచ్చు. హార్మోనియం మీద వేళ్లు పెట్టి చూస్తే ఆ వీలు ఏమిటో వెంటనే తెలుస్తుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఏడాదికి లెక్కకు మించి చిత్రాలు ఒప్పుకున్న కాలంలో ఒకే మూసలో పోసిన పాటలు చాలానే వచ్చాయి. పల్లవి ఒకటి గుర్తుకొస్తే చరణం మరొక పాటదై ఉంటుంది, వేదికల మీద నేనే రెండు మూడు సార్లు పొరపడ్డాను. చరణాల మధ్య వచ్చే వాద్య భాగాలు, మేం బిట్లు అంటాం, సాలూరి రాజేశ్వరరావు పాటల్లోవాటిలా విడిగా నిలబడి గుర్తుండవు. గాయకుడు ఊపిరి పీల్చుకునే వరకు కాలక్షేపం చేసినట్టే ఉంటాయి కొన్ని. ఇళయరాజా వచ్చి వాద్య రచనకు కొత్త అర్థం చెప్పాక ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనబడింది. విశ్వనాథే ‘సాగరసంగమం’ (1983)కు, ‘స్వాతిముత్యం’ (1986)కు ఇళయరాజా దగ్గరికి వెళ్లారు. అయితే ‘సిరివెన్నెల’ (1986), ‘శ్రుతిలయలు’ (1987) మళ్లీ మహదేవన్‌కే ఇచ్చారు. డెబ్బై దాటిన వయసులో చేసిన ‘స్వాతికిరణం’ (1992) విన్నవాడు ఎవడూ ఇది ముసలివాడి సంగీతమని అనలేడు. ‘ఆనతినీయరా హరా’ పాడినందుకు వాణీ జయరామ్‌కు మరోసారి జాతీయ పురస్కారం వచ్చింది.

ఇక పిల్లలకు ఏవి నేర్పాలన్నది. మొదలే ‘శంకరాభరణం’ పాటలతో పెట్టుకోకండి, ‘స్వాతికిరణం’ జోలికి అసలే పోకండి. గొంతు కుదరకముందే సంగతుల మీద ఆశ పుట్టి మాట నలిగిపోతుంది. ‘పాడుతా తీయగా’తో మొదలుపెట్టండి, ‘ముద్దబంతి పూవులో’ రెండోది, ‘నిదురించే తోటలోకి’ మూడోది. ప్రతి పాటనూ ముందు కాగితం మీద రాయించి, పైకి చదివించి, వేలితో మాత్రలు కొట్టించి, ఆ తరువాతే శ్రుతి పెట్టండి. రికార్డు అప్పటివరకు వినిపించవద్దు. వింటే అనుకరిస్తారు, చదివితే వరస అక్కడ ఎందుకు ఆగిందో వాళ్లకే తోస్తుంది. ఏడాది గడిచాక ‘ఝుమ్మంది నాదం’, ఆపైన ‘ఓంకార నాదానుసంధానమౌ’ ఇవ్వవచ్చు.

మీరు ప్రశ్నలతో పాటు పంపిన పాటల జాబితాలో ‘తెలవారదేమో స్వామీ’ని అన్నమయ్య కీర్తనల కింద వేశారు. దయచేసి మార్చండి. అందులో అలమేలుమంగ ఉంది, భాష కూడా అచ్చం పదకవితలా ఉంది కాబట్టి మీరే కాదు, ఎందరో పొరబడ్డారు. అది ‘శ్రుతిలయలు’ కోసం సిరివెన్నెల సీతారామశాస్త్రి రాసినది, పాడినది ఏసుదాసు. పిల్ల చేత వేదిక మీద పాడించేటప్పుడు రచన సిరివెన్నెల, సంగీతం మహదేవన్ అని చెప్పించి, ఆ తరువాత పుహళేంది పేరు కూడా చెప్పించండి.